వీధి చివరి మేపుల్ చెట్టు

అక్టోబరు వచ్చిందంటే అమెరికా ఈశాన్య రాష్ట్రాల్లోని మనవాళ్ల ఇళ్లలో ఒకటే హడావుడి. ఆకులు రంగులు మారే ఫాల్ కలర్స్ ఎక్కడ పీక్‌లో ఉన్నాయో చూసుకోవడం, పులిహోర కట్టుకుని తెల్లారకముందే న్యూహ్యాంప్‌షైర్‌లోని కాంకమాగస్ హైవేకి బయల్దేరడం. వెళ్లండి, చూసి తీరవలసిన చోటే. అయితే సాయంత్రానికి ఫోను నిండా ఫొటోలుంటాయి గానీ, ఒక్క చెట్టూ విడిగా గుర్తుండదు. చూపు నిలవాలంటే రోజూ మనం దాటిపోయే వీధి చెట్టు దగ్గరే ఆగాలి.

ఒక మేపుల్ చెట్టును ఎంచుకోండి. రోజూ ఒకే చోట నిలబడి ఒక్క ఫొటో తీయండి. కొన్నాళ్లకు వాటిని వరసగా చూస్తే, ఎండ తగిలే పైకొమ్మలు ముందుగా ఎర్రబడ్డాయని, లోపలి ఆకులు ఇంకా పచ్చగానే ఉన్నాయని మీకే తెలుస్తుంది. పగటిపొద్దు తగ్గేకొద్దీ ఆకులోని పత్రహరితం నశిస్తుంది. పసుపు రంగు మొదటినుంచీ ఆకులో ఉన్నదే, ఇప్పుడు బయటపడుతుంది. ఎరుపు మాత్రం చెట్టు అప్పటికప్పుడు తయారుచేసుకునేది. పగలు మంచి ఎండ, రాత్రి గడ్డకట్టనంత చలి ఉన్న ఏడాది అది బాగా తేలుతుంది. ఒక ఆకును సూర్యుడికి ఎదురుగా పట్టుకుని ఫొటో తీసి చూడండి. చాలా ఆకుల్లో ఈనెల వెంబడి సన్నటి పచ్చగీత ఇంకా మిగిలే ఉంటుంది.

ఫొటో తీశాక మూడు పాదాల హైకూ రాయండి. పాదాలకు 5-7-5 అక్షరాల లెక్క జపనీస్ భాషకు కుదిరిన కొలత, దాని గురించి బెంగ వద్దు. మొదట్లో చాలామంది ఇలా రాస్తారు:

అందమైన ఎర్రని ఆకు
నా మనసు దోచింది
ప్రకృతి కానుక

ఇందులో ఆకు ఎక్కడుంది? ఉన్నదల్లా మన అభిప్రాయం. అది తీసేసి, కంటికి కనబడింది మాత్రం ఉంచితే:

వాన వెలిసింది
కారు వైపరు కింద
ఎర్రటి ఆకు

19వ శతాబ్దం చివర్లో జపనీస్ కవి మసవోకా షికి చెప్పింది ఇదే. ఉన్నదాన్ని ఉన్నట్టు గీసే చిత్రకారుల పద్ధతిని ఆయన హైకూలోకి తెచ్చాడు. వెన్నెముక క్షయతో మంచానపడి, టోక్యోలోని తన ఇంటి చిన్న తోటనే చూస్తూ, 1902లో 34 ఏళ్లకే కన్నుమూసేదాకా రాశాడు. మన కాకినాడ కవి ఇస్మాయిల్ గారు కూడా హైకూలు రాశారు. ఆయనవి వెతికి చదవండి.

ఉన్నదాన్ని ఉన్నట్టు చూసే ఈ అలవాటు చెట్టుతో ఆగదు, అందుకే దాని గురించి ఇంతగా చెబుతున్నాను. ‘మావాడు ఒట్టి బద్ధకస్తుడు’ అనేముందు, వాడు రాత్రి ఒంటిగంట దాకా చదువుతూ కూర్చున్న సంగతి కళ్లబడుతుంది. ఆఫీసులో ఒకరి మీద ముద్ర వేసేముందు, వాళ్లు నిజంగా ఏం చేశారో గుర్తొస్తుంది. విశేషణం పక్కన పెట్టగలిగిన మనిషి తగాదాలు సగం తగ్గించుకున్నట్టే.

నవంబరు సగమయ్యేసరికి ఓక్‌లు తప్ప చాలా చెట్లు మోడులైపోతాయి. ఈ సాయంత్రమే వీధిలోకి వెళ్లండి, వీలైతే పిల్లల్నీ వెంట తీసుకెళ్లండి.