ఒక్క ఊరు చాలు

సేకరణ మొదలుపెట్టినవాళ్లు చాలామంది మధ్యలోనే వదిలేస్తారు. ఆసక్తి చచ్చిపోయి కాదు, హద్దు పెట్టుకోక. జర్మనీ ఊళ్లు అచ్చువేసుకున్న అత్యవసర నోట్లు, అక్కడివాళ్లు నోట్‌గెల్ట్ అనేవి, ఈ పాఠాన్ని బాగా నేర్పుతాయి. అన్నీ కావాలనుకుంటే జీవితకాలం చాలదు.

1914లో యుద్ధం రాగానే జనం నాణేలు దాచుకున్నారు. లోహమంతా ఆయుధాలకు పోయింది. రొట్టె కొనడానికి చిల్లర లేదు. పురపాలక సంఘాలు, పొదుపు బ్యాంకులు, కర్మాగారాలు ఎవరికివారే నోట్లు తీశాయి. యుద్ధం ముగిశాక సేకర్తల మోజు చూసి, వాళ్లకు అమ్మడానికే కొన్ని ఊళ్లు రంగురంగుల వరుసలు వేశాయి. హామెల్న్ ఊరు తన జానపద కథను, వేణువూది ఎలుకలను వెంట తీసుకుపోయినవాడి కథను, నోట్లకెక్కించింది. 1923లో ధరలు ఆకాశాన్నంటాయి. నవంబరుకల్లా ఒక్క డాలరుకు 4.2 లక్షల కోట్ల మార్కులు. ఊళ్లు మళ్లీ అచ్చుయంత్రాలు తిప్పాయి, ఈసారి లక్షల్లో, కోట్లలో.

ఇంత సముద్రంలో మీరు ఒక్క ఊరిని పట్టుకోండి. బీలెఫెల్డ్‌నే తీసుకోండి. నారబట్టకు పేరున్న ఊరది. అక్కడి పొదుపు బ్యాంకు పట్టు మీద, నారబట్ట మీద, మఖమలు మీద కూడా డబ్బు ముద్రించింది. ఆ ఊరు దేనితో బతికిందో నోటును ముట్టుకుంటేనే తెలుస్తుంది! ఒక ఊరిని ఇలా లోతుగా తెలుసుకున్నవారికి రెండో ఊరు సగం శ్రమతోనే అర్థమవుతుంది.

నోటు చేతికి రాగానే మూడు ప్రశ్నలు వేయండి: ఎవరు ఇచ్చారు? ఎప్పటివరకు చెల్లింది? నిజంగా చేతులు మారిందా? జవాబులు అదే రోజు పుస్తకంలో రాయండి. రేపటికి వాయిదా వేస్తే రాయరు. నా మట్టుకు నాకు, మడతలు పడి మాసిన నోటే విలువైనది. పెళపెళలాడే నోటు నేరుగా ఆల్బమ్‌లోకి వెళ్లి ఉండవచ్చు. మాసినది బజారు చూసింది. ధర తక్కువ కదా అని దాన్ని పక్కన పెట్టకండి.

చిరిగితే సెలోటేపు అంటించకండి, ఇస్త్రీ చేయకండి, కడగకండి. పీవీసీ కవర్లు ఏళ్లు గడిచేకొద్దీ కాగితాన్ని పాడుచేస్తాయి, వేరే రకం వాడండి. ఎంచుకున్న ఊరిది కాని అందమైన నోటు ఎదురైతే కళ్లారా చూసి, అమ్మేవారికి తిరిగి ఇచ్చేయండి.