ఆఫ్రికా స్త్రీల హక్కులు: ఆచారము, చట్టము, బడి

పరరాష్ట్రమున తరతరములుగా స్థిరపడిన తెలుగువారమగు మనకు ఆచారము అను మాటపై మక్కువ యెక్కువ. ఇరుగుపొరుగువారి భాష వేరు; కచేరీలలో నడచు భాష వేరు. కనుక పెండ్లి పేరంటములలోను, పండుగలలోను, ఇంటి మాటలోను మన తెలుగుదనమును నిలుపుకొనుచున్నాము. ఇది మెచ్చదగినదే. కాని ఆచారమును కాపాడ నెంచువారు ముందుగా ఆలోచింపవలసిన ప్రశ్న యొకటి గలదు. ఏది ఆచారమో నిర్ణయించు అధికార మెవరిది? ఇంటిలో సగము మందికి ఆ నిర్ణయమున పాలు లేనిచో అది అందరి ఆచార మెట్లగును?

ఈ ప్రశ్ననే ఆఫ్రికా ఖండపు స్త్రీలు పెక్కేండ్లుగా అడుగుచున్నారు. వారు సాధించిన దానిని, ఇంకను సాధింపవలసిన దానిని తల్లిదండ్రుల కొరకు ఇచ్చట పాఠముగా సంగ్రహించుచున్నాము. ఆఫ్రికా ఒక దేశము కాదు. ఆఫ్రికా సమితిలో 55 సభ్యరాజ్యములు గలవు; భాషలు, మతములు, చట్టములు అనేకములు. కావున ఒకచోటి మాటను ఖండమంతటికి అన్వయింపరాదు.

1. మనకు గల సంబంధము

మదరాసు రేవునుండి బయలుదేరిన ఓడ 1860 నవంబరులో మొదటి ఒప్పంద కూలీలను దక్షిణాఫ్రికాలోని నేటాలు తీరమునకు చేర్చినది. తరువాతి యేండ్లలో విశాఖపట్టణము, చిత్తూరు మున్నగు ప్రాంతముల తెలుగువారును అట్లే చెరకుతోటల కేగిరి. వారి సంతతివారు 1931లో ఆంధ్ర మహాసభను స్థాపించుకొని తెలుగును నిలుపుకొనుటకు పాటుపడిరి. మనవలె వారును అల్పసంఖ్యాకులే.

1913లో అచ్చటి న్యాయస్థానము క్రైస్తవ పద్ధతిని జరుగని వివాహములు చెల్లవను అర్థము వచ్చు తీర్పు నిచ్చినది. దానితో భారతీయ స్త్రీలు సత్యాగ్రహమున దిగిరి. కస్తూరిబాయి మొదలుగా పలువురు చెరసాలల కేగిరి; మరికొందరు బొగ్గుగనులకు పోయి కూలీలను సమ్మెకు పురికొల్పిరి. పిమ్మట 1956 ఆగస్టు 9వ తేదీన సుమారు 20,000 మంది స్త్రీలు ప్రిటోరియా నగరమున ప్రభుత్వ భవనమునకు నడచిరి. నల్లజాతి స్త్రీలు అనుమతి పత్రములను వెంట నుంచుకొని తిరుగవలెనను నిబంధన నెదిరించుట వారి యుద్దేశము. నాయకురాండ్రగు లిలియన్ ఎంగోయి, హెలెన్ జోసెఫ్, సోఫియా విలియమ్స్ అనువారితో పాటు భారతసంతతికి చెందిన రహీమా మూసాయు ముందు నిలిచినది. నేడా తేదీ అచ్చట మహిళా దినమై సెలవుగా పాటింపబడుచున్నది.

2. ఆచార మెంత పాతది?

"ఇది అనాదిగా వచ్చుచున్న ఆచారము" అను మాటను వినినంతనే నమ్మరాదు. నైజీరియా ఆగ్నేయ భాగమున ఇగ్బో స్త్రీలకు తమ సభలు తమకుండెడివి. తప్పుచేసిన పురుషుని యింటి ముందు గుమిగూడి, అతడు దారికి వచ్చువరకు పాటలు పాడి ఎగతాళి చేయుట వారి పూర్వాచారము. బ్రిటిషువారు వచ్చి తమకు నచ్చినవారిని గ్రామాధిపతులుగా నియమించి ఈ సభలను లెక్క సేయక పోయిరి. 1929లో స్త్రీలపైనను పన్ను వేయుదురను వార్త పుట్టగా, ఒలోకో అను గ్రామమునుండి తిరుగుబాటు ప్రారంభమై వేలకొలది స్త్రీలకు వ్యాపించినది. సైనికుల కాల్పులలో ఏబదిమందికి పైగా స్త్రీలు మరణించిరి. దీనినే ఆబా మహిళా యుద్ధమందురు.

నేటాలులోను ఇట్లే జరిగినది. 1891 నాటి నేటాలు స్మృతి ఆఫ్రికా స్త్రీని జీవితాంతము మైనరుగా పరిగణించినది. పాలకులు వ్రాయించిన ఆ నియమమే తరువాత ప్రాచీనాచారముగా చలామణి యైనది. కావున ఆచారమని చెప్పబడు ప్రతిదానిని, ఎవరు వ్రాసిరి, ఎవరికి మేలు కలిగినది అని విచారించుట మంచిది.

3. మపూటో ఒడంబడిక

2003 జూలై 11వ తేదీన మొజాంబిక్ రాజధానియగు మపూటోలో ఆఫ్రికా సమితి స్త్రీల హక్కులను గూర్చి ఒక ఒడంబడికను ఆమోదించినది. అది 2005 నవంబరు 25 నుండి అమలులోనికి వచ్చినది. ఇంతవరకు నలుబదికి పైగా రాజ్యములు దానిని అంగీకరించినవి. దానిలోని కొన్ని విషయములివి:

వివాహమునకు కనీస వయస్సు 18 సంవత్సరములు. తల్లిదండ్రుల ఆస్తిలో కుమారులకు, కుమార్తెలకు న్యాయమైన పాళ్లు. భర్త మరణించిన స్త్రీకి భర్త ఆస్తిలో న్యాయమైన పాలు. బాలికల విద్యకు రక్షణ. శరీరమునకు హాని చేయు దురాచారముల నిషేధము.

ఇవన్నియు ముఖ్యములే. కాని 17వ అధికరణము ప్రత్యేకముగా గమనింపదగినది. మేలైన సాంస్కృతిక వాతావరణమున జీవించుటయు, సాంస్కృతిక విధానములను నిర్ణయించుటలో అన్ని స్థాయిలలో పాల్గొనుటయు స్త్రీల హక్కని అది చెప్పుచున్నది. అనగా ఆచారమును విడువుమని గాని, ఉన్నదున్నట్లు పట్టుకొనుమని గాని కాదు. నిర్ణయించు సభలో స్త్రీకిని పీట వేయుమని దాని భావము.

4. ఇల్లు ఎవరిది?

దక్షిణాఫ్రికాలో ఒక తండ్రి మరణింపగా, ఇద్దరు చిన్న కుమార్తెలున్నను, ఆచారము ప్రకారము మగవాడగు తాతయే వారసుడని నిర్ణయమైనది. అంత్యక్రియల ఖర్చునకై ఆ యింటిని అమ్ముటకు ఆయన తలపెట్టెను. 2004 అక్టోబరులో ఆ దేశపు రాజ్యాంగ న్యాయస్థానము మగవానికే వారసత్వమను నియమమును కొట్టివేసినది. బోట్స్వానాలో వృద్ధులగు నలుగురు అక్కచెల్లెండ్రు తాము ఖర్చుపెట్టి బాగుచేసుకొన్న పుట్టినింటికై పోరాడిరి. 2012లో ఉన్నత న్యాయస్థానమును, 2013లో అప్పీలు న్యాయస్థానమును వారి పక్షమున తీర్పు చెప్పినవి. రువాండాలో 1994 నాటి మారణహోమము పిమ్మట విధవలు, అనాథ బాలికలు భూమిపై హక్కులేక అల్లాడిరి. 1999 నాటి చట్టము కుమార్తెలకు సమాన వారసత్వము నిచ్చినది. 2003 రాజ్యాంగము నిర్ణయాధికార స్థానములలో కనీసము నూటికి 30 వంతులు స్త్రీలకు కేటాయించినది. 2008లో అచ్చటి శాసనసభలో స్త్రీలు సగమునకు మించిరి.

మన దేశమునందును ఈ సమస్య లేకపోలేదు. హిందూ ఉమ్మడి కుటుంబపు ఆస్తిలో కుమార్తెకు కుమారునితో సమాన హక్కును ఆంధ్రప్రదేశము 1980వ దశకమున, పిమ్మట తమిళనాడు, కర్ణాటక, మహారాష్ట్రములు ఒసగినవి. 2005లో అది దేశమంతటికి వర్తించినది. చట్టము వచ్చియు, "పుట్టింటితో సంబంధము చెడును" అను భయముచే అన్నదమ్ములకు హక్కు వదలి సంతకము చేయు ఆడపడుచులను మన కుటుంబములలోనే చూచుచున్నాము.

5. బడి, పెండ్లి

మలావీ 1994లో ప్రాథమిక విద్యను ఉచితము చేసినది. బడులు నిండినవి. కాని అచ్చటి రాజ్యాంగము తల్లిదండ్రుల సమ్మతి యున్నచో 15 ఏండ్లు నిండినవారికి వివాహము చేయవచ్చునని యుండెను. 2015లో చట్టము 18 ఏండ్లని చెప్పినను ఈ సందు మూసుకొనలేదు. 2017లో రాజ్యాంగమునే సవరించి దానిని మూసిరి. ఇందలి పాఠము తల్లిదండ్రులమగు మనకే. బాలిక భవిష్యత్తునకు అడ్డుగా నిలిచినది శత్రువు కాదు, కన్నవారి సమ్మతియే.

సియెర్రా లియోన్‌లో గర్భవతులగు బాలికలను బడికి రానీయరాదని 2015లో ప్రభుత్వము ఆంక్ష పెట్టినది. 2019 డిసెంబరులో పశ్చిమాఫ్రికా రాజ్యముల ఉమ్మడి న్యాయస్థానము అది వివక్షయని తీర్పు చెప్పగా, 2020 మార్చిలో దానిని తొలగించిరి. కష్టమున పడిన పిల్లకు బడి తలుపు మూయుట శిక్షకు శిక్ష చేర్చుటయే గదా!

6. పోరాటము ముగియలేదు

సంపాదించిన హక్కు ఎల్లప్పుడు నిలుచునని అనుకొనరాదు. బాలికల జననాంగములను కోయు దురాచారమును గాంబియా 2015లో నిషేధించినది. ఆ నిషేధమునే ఎత్తివేయుమని కొందరు శాసనసభలో ప్రతిపాదించిరి. ఆచారము పేరనే ఆ వాదమును జరిపిరి. 2024 జూలైలో సభ దానిని త్రోసిపుచ్చినది. పలుచోట్ల చట్టము కాగితముపై నుండి గ్రామమునకు చేరుటకు చాల కాలము పట్టుచున్నది. న్యాయస్థానము దూరము, వ్యయము ఎక్కువ, బంధువుల కోపము దగ్గర.

7. తల్లిదండ్రులకు మా మనవి

"ఆడపిల్ల ఆడ పిల్లయే గాని ఈడ పిల్ల కాదు" అను మాట మన యిండ్లలో ఇప్పటికిని వినబడుచున్నది. మగపిల్లవానిని ఉద్యోగమునకై ఆంగ్లమాధ్యమ పాఠశాలకు పంపి, బాలికను "ఇంటి భాష చాలును" అని మన బడికి పంపు తల్లిదండ్రులును గలరు. బాలికలు మా బడికి వచ్చుట మాకు సంతోషమే. కాని తక్కువ ఖర్చనియో, త్వరలో మాన్పింపవచ్చుననియో పంపుట తగదు. భాషను కాపాడు భారమును కుమార్తెపై మోపి, ఆ భాషలో నిర్ణయించు హక్కును ఆమెకు నిరాకరించుట న్యాయము కాదు.

ఈ క్రింది ప్రశ్నలను ఇంటిలో, పిల్లలు వినుచుండగా, చర్చింపగోరెదము.

(అ) మన యింటి ఆచారములలో ఏవి స్త్రీలు తమంతట తాము కోరి పాటించుచున్నారు? ఏవి భయముచే పాటించుచున్నారు?

(ఆ) మన కుమార్తె చదువును ఏ తరగతిలో నిలుపుటకు మనసులో నిశ్చయించుకొంటిమి? ఆమెను అడిగితిమా?

(ఇ) ఆస్తి పత్రములలో కుమార్తె పేరు గలదా?

(ఈ) మన సంఘపు సమావేశములలో నిర్ణయములు చేయు స్త్రీలు ఎందరు?

మొదటి మూడింటికి సమాధానములను మీ యింటనే యుంచుకొనుడు. నాలుగవ దానికి సమాధానమును వచ్చు తల్లిదండ్రుల సభలో అందరము కలసి చెప్పుకొందము. ఆ సభకు తండ్రులు ఒంటరిగా గాక, తల్లులతోను, పెద్ద తరగతుల బాలికలతోను రావలెనని మా ప్రార్థన.