ఊరి తేడాలను కెమెరా ఎలా చెబుతుంది?

ప్రశ్న: లఘుచిత్రం తీస్తున్నాను. కెమెరా కదలికతోనే ఊరినీ, ఊళ్లోని హెచ్చుతగ్గులనూ చూపించడం ఎలా?
– ఒక పాఠకుడు, నాయుడుపేట

జవాబు: కెమెరా ఎవరి వెంట నడవాలో ముందు తేల్చుకోండి. సుకుమార్ ‘రంగస్థలం’ (2018) మొదట్లో ఛాయాగ్రాహకుడు రత్నవేలు కెమెరా సైకిలు తొక్కే కథానాయకుడు చిట్టిబాబు వెంట సాగుతుంది. ఊరు మనకు అతని వేగంతోనే పరిచయమవుతుంది. ఆర్సన్ వెల్స్ ‘టచ్ ఆఫ్ ఈవిల్’ (1958) తొలి షాట్ మూడు నిమిషాలకు పైగా కట్ లేకుండా సాగి, సరిహద్దు పట్టణాన్నంతా చూపిస్తుంది.

మీరు మీ ఊరి స్వర్ణముఖి నది ఒడ్డున పనిచేసే మనిషి వెనకే, భుజం ఎత్తులో, మేడల వీధి దాకా రండి. మధ్యలో కట్ చేస్తే ఆ ఒడ్డూ, ఈ వీధీ రెండు ఊళ్లనిపిస్తాయి. చేయకపోతే ఇంత దగ్గరలోనే ఉన్నాయా అని మనసు చివుక్కుమంటుంది. డ్రోన్ మాత్రం వద్దంటాను, అంత ఎత్తునుంచి మనిషి ముఖం కనబడదు. ఫోను, అది వణక్కుండా పట్టి ఉంచే చిన్న గింబల్ చాలు.