కొరియన్ నేర్చుకోండి, పేరు మార్చుకోకండి

అరకు, పాడేరు వైపు తల్లిదండ్రులు ఈమధ్య అడిగేది ఒక్కటే: "మా పాప కొరియన్ సీరియళ్లు చూసి మాట్లాడేస్తోందండీ. కోచింగ్‌లో చేరిస్తే కొరియాలో ఉద్యోగం ఖాయమట కదా?" ఖాయం కాదు.

కొరియా ఫ్యాక్టరీలకు విదేశీ కార్మికులను తీసుకునే ప్రభుత్వ పథకం ఒకటుంది. అందులో నేపాల్, శ్రీలంక, బంగ్లాదేశ్ ఉన్నాయి, భారత్ లేదు. ఆ పథకం పేరు చెప్పి కోర్సుకూ వీసాకూ కలిపి లక్షలడిగే ఏజెంటు చేతిలో కాఫీ పంట డబ్బు పోయకండి.

ఇంట్లో నేర్చుకోవచ్చా? భేషుగ్గా. 24 అక్షరాల లిపి. ఒత్తులు, గుణింతాలు దిద్దిన చేతికి అదెంత! మన తెలుగులోలాగే క్రియ వాక్యం చివరే వస్తుంది, పెద్దవాళ్లకో మాట, ఈడువాళ్లకో మాట. ఇంట్లో కువి, సంతలో ఆదివాసీ ఒడియా, బడిలో తెలుగు మాట్లాడే పిల్లలకు ఇంకో భాష బరువు కాదు. సెజోంగ్ ఇన్‌స్టిట్యూట్ ఆన్‌లైన్ పాఠాలు ఉచితంగా దొరుకుతాయి. సిగ్నల్ అందే చోట విని, రాసుకుని, ఇంటికొచ్చి బిగ్గరగా చదవాలి. కొరియన్ మాటలను తెలుగు అక్షరాల్లో రాసుకునే అలవాటు మాత్రం మొదటి రోజే మానాలి. వాళ్ల 'క' మూడు రకాలు; తెలుగులో రాస్తే ఆ తేడా చెరిగిపోతుంది.

కొరియన్ భాషా పరీక్ష టోపిక్‌కు పిల్లల్ని తరమకండి. ఆ సర్టిఫికెట్ చెల్లేది రెండేళ్లే. ఇంటర్‌లో సంపాదించింది డిగ్రీ చేతికొచ్చేలోపు పనికిరాకుండా పోతుంది. అయినా మొత్తం ఆరు లెవెళ్లలో తొలి రెండింటితో ఇంటర్‌ప్రెటర్ కొలువు రాదు. నా ఓటు డిప్లొమాకో బీటెక్‌కో భాషను జోడించే దారికే. పెనుకొండ కియా, శ్రీపెరంబుదూర్ హ్యుందాయ్ లాంటి చోట్ల మెషీనూ భాషా రెండూ తెలిసినవాళ్ల విలువే వేరు. భాషే ప్రాణమనుకుంటే జేఎన్‌యూలో బీఏ కొరియన్ ఉంది, సీయూఈటీ రాయాలి.

ఇక పేర్ల పిచ్చి. క్లాసులో సరదాకి కొరియన్ పేరు పెట్టుకుంటే పెట్టుకోనివ్వండి. దరఖాస్తులో రాస్తేనే చిక్కు. గెజిట్‌లోనే మార్పించేద్దామా అనే తండ్రులూ ఉన్నారు! విదేశాల్లో పీజీకి గిరిజన మంత్రిత్వ శాఖ ఇచ్చే ఓవర్సీస్ స్కాలర్‌షిప్‌కు ఎస్టీ సర్టిఫికెట్టే ఆధారం. మోజు కోసం దానిమీది పేరును అనుమానంలో పడేస్తారా? కొరియావాళ్లూ మనలాగే ఇంటిపేరు ముందు రాస్తారు. వాళ్లకు కిమ్, పార్క్ ఎలాగో మనకు కిల్లో, పాంగి, కొర్రా అలాగే. వాళ్లకు నోరు తిరక్కపోతే నాలుగుసార్లు పలికి నేర్చుకుంటారు లెండి.

మీరు చూసుకోవాల్సింది పదో తరగతి మెమో, ఎస్టీ సర్టిఫికెట్, ఆధార్. ఇంటిపేరు ఒకదాంట్లో పూర్తిగా, ఇంకోదాంట్లో పొడి అక్షరంగా ఉంటే పాస్‌పోర్టుకు వెళ్లకముందే సరిచేయించుకోండి.