నీటిపై తేలే గాలిమరలు: పుదుచ్చేరికి దక్కే వాటా ఎంత?

నేల మీద గాలిమరలు తెలుగువారికి కొత్త కాదు. అనంతపురం జిల్లా గుట్టల మీద అవి వందల సంఖ్యలో తిరుగుతున్నాయి. సముద్రంలో మాత్రం మన దేశానికి ఇప్పటివరకు ఒక్క పవన విద్యుత్ కేంద్రం కూడా లేదు. 2015లో జాతీయ సముద్ర పవన విద్యుత్ విధానం వచ్చింది. 2024 జూన్‌లో కేంద్ర మంత్రివర్గం రూ.7,453 కోట్ల పథకాన్ని ఆమోదించింది. గుజరాత్, తమిళనాడు తీరాల్లో చెరో 500 మెగావాట్లు నెలకొల్పడం, అందుకు అవసరమైన రెండు ఓడరేవులను సిద్ధం చేయడం దాని లక్ష్యం. ఈ ప్రయత్నంలో చెన్నైకి దక్షిణాన సుమారు 160 కిలోమీటర్ల దూరంలో ఉన్న పుదుచ్చేరి పాత్ర ఏమిటి?

సముద్రం లోపలికి ఎందుకు?

గాలిలోని శక్తి దాని వేగపు ఘనానికి అనులోమానుపాతంలో ఉంటుంది. సెకనుకు 8 మీటర్ల గాలి 10 మీటర్లకు పెరిగితే వేగం పెరిగింది పావు వంతే, కానీ శక్తి దాదాపు రెట్టింపవుతుంది. చెట్లు, ఇళ్లు, కొండలు అడ్డులేని సముద్రం మీద గాలి వేగంగానూ నిలకడగానూ వీస్తుంది. అందుకే అంత దూరం వెళ్లడం.

చిక్కు లోతుతో వస్తుంది. సముద్రగర్భంలో ఉక్కు స్తంభాన్ని దిగేసి టర్బైన్ నిలబెట్టడం సుమారు 50-60 మీటర్ల లోతు వరకే గిట్టుబాటు. పుదుచ్చేరి దగ్గర ఖండతీరపు అంచు ఇరుకైనది. కడలూరు, పుదుచ్చేరి, పాలారు పేర్లతో పిలిచే సముద్రగర్భ లోయలు ఈ ప్రాంతంలోనే అంచును కోసుకుంటూ కిందికి దిగుతాయి. ఇలాంటి చోట టర్బైన్‌ను నేలకు నాటలేం, తేలనివ్వాలి. భారత తీరంలో సాంకేతికంగా సాధ్యమయ్యే సముద్ర పవన విద్యుత్ 195 గిగావాట్లని ప్రపంచ బ్యాంకు అంచనా. అందులో 83 గిగావాట్లు తేలియాడే టర్బైన్లకే అనువైనవి.

తేలినా పడిపోకుండా ఎలా?

ఇందుకు మూడు మార్గాలున్నాయి. ఖాళీ సీసా అడుగున ఇసుక పోసి నీళ్లలో వదిలితే నిటారుగా నిలబడుతుంది. గురుత్వ కేంద్రం బాగా కిందికి పోవడమే కారణం. ఈ పద్ధతిని ‘స్పార్’ అంటారు. స్కాట్లాండ్ తీరంలో 2017లో మొదలైన 30 మెగావాట్ల ‘హైవిండ్’ కేంద్రంలోని ఐదు టర్బైన్లూ ఇలాంటివే.

రెండోది తెప్ప సూత్రం. దుంగలు పక్కపక్కన కట్టిన తెప్ప ఒకవైపు వంగితే, ఆ వైపు ఎక్కువ భాగం మునిగి ఉత్ప్లవన బలం పెరుగుతుంది. అదే దాన్ని మళ్లీ నిలబెడుతుంది. దూరదూరంగా నిలిపిన మూడు, నాలుగు ఉక్కు గొట్టాలను కలిపి చేసే ‘సెమీ సబ్‌మెర్సిబుల్’ ఇదే పని చేస్తుంది. పోర్చుగల్‌లోని ‘విండ్‌ఫ్లోట్ అట్లాంటిక్’ ఇందుకు ఉదాహరణ. మూడోది, తేలాలని చూసే బెండును బిగువైన తాళ్లతో కిందికి లాగి పట్టి ఉంచడం.

తూర్పు తీరానికి వీటిలో ఏది నప్పుతుందో ఓడరేవులే నిర్ణయిస్తాయి. హైవిండ్ స్పార్ నీటిలో సుమారు 78 మీటర్లు మునిగి ఉంటుంది. నార్వేలోని లోతైన సముద్రపు పాయలో వాటికి టర్బైన్లు బిగించి, అక్కడి నుంచి లాక్కొచ్చారు. అంత లోతున్న రేవు మన తీరంలో లేదు. తక్కువ లోతులో తేలుతూ రేవులోనే టర్బైన్ బిగించుకోగల తెప్ప రకమే ఇక్కడ ఆచరణయోగ్యం.

తుపానుల పరీక్ష

2011 డిసెంబర్ 30న ‘థానే’ తుపాను గంటకు 120-140 కిలోమీటర్ల గాలులతో కడలూరు, పుదుచ్చేరి మధ్య తీరం దాటింది. 2024 నవంబర్ 30న ‘ఫెంగల్’ కూడా పుదుచ్చేరి దగ్గరే తీరం దాటింది. గాలి గంటకు 90 కిలోమీటర్లు మించితే సాధారణంగా టర్బైన్‌ను ఆపి, రెక్కల అంచులను గాలికి ఎదురుగా తిప్పుతారు. గాలి తోపుడు వేగపు వర్గాన్ని బట్టి పెరుగుతుంది కనుక, 90 నుంచి 140కి చేరితే ఆ తోపుడు సుమారు రెండున్నర రెట్లవుతుంది. లంగరు గొలుసులు, కరెంటు కేబుళ్లు ఆ గాలినీ అలలనూ కలిపి తట్టుకోవాలి.

బంగాళాఖాతంలో ఇలాంటి లంగరు పని మనకు కొంత తెలుసు. చెన్నైలోని జాతీయ సముద్ర సాంకేతిక సంస్థ 2007లో తీరానికి దూరంగా, సుమారు వెయ్యి మీటర్ల లోతున్న చోట బార్జిని లంగరేసి, సముద్రపు నీటి నుంచి మంచినీరు తీసి చూపింది. కృష్ణా-గోదావరి బేసిన్‌లో చమురు తీసే తేలియాడే ఓడలూ లోతైన నీటిలోనే పనిచేస్తున్నాయి.

సరఫరా గొలుసులో ఎవరెక్కడ?

పుదుచ్చేరి సముద్రం గుజరాత్, తమిళనాడుల్లో గుర్తించిన ప్రాంతాల్లో లేదు. తమిళనాడు ప్రాంతాలు బాగా దక్షిణాన, గాలి బలంగా వీచే మన్నార్ సింధుశాఖ వైపు ఉన్నాయి. కాబట్టి పుదుచ్చేరికి దగ్గరి అవకాశం కరెంటు కంటే తయారీలోనే ఎక్కువ. సుజ్లాన్ సంస్థకు ఇక్కడ కర్మాగారం ఉంది. తెలుగు నేల మీద నెల్లూరు జిల్లాలో రెక్కలు తయారవుతాయి. విశాఖలో ఉక్కు కర్మాగారం, 1941లో మొదలైన ఓడల నిర్మాణ కేంద్రం ఉన్నాయి. ఒక తేలే వేదికకు వేల టన్నుల ఉక్కు, నైపుణ్యమున్న వెల్డర్లు, గొలుసులు, కేబుళ్లు, టగ్గు పడవలు కావాలి. హైవిండ్ స్పార్లను స్పెయిన్‌లో చేసి, నార్వేలో టర్బైన్లు బిగించి, స్కాట్లాండ్‌లో నిలిపారు. అలాంటి పంపకం మన తీరంలోని పట్టణాల మధ్య కూడా సాధ్యమే. అయితే నేల మీది టర్బైన్లు చేసే కర్మాగారాలు అలాగే సముద్రానికి పనికిరావు. సముద్రపు రెక్కలు వంద మీటర్లు దాటుతున్నాయి. అంత పొడవున్న వాటిని రోడ్ల మీద తిప్పలేం, రేవు ఒడ్డునే తయారుచేయాలి.

పుదుచ్చేరి తీరం చెప్పే పాఠం

రేవు అనగానే పుదుచ్చేరి వాసులకు పాత గాయం గుర్తొస్తుంది. ఈ తీరం వెంట అలలు ఏడాదిలో ఎక్కువ కాలం ఇసుకను ఉత్తరానికి మోసుకెళ్తాయి. 1980ల చివర్లో అరియాంకుప్పం నది మొగ దగ్గర రేవు కోసం కట్టిన రాతి గోడలు ఆ ఇసుకకు అడ్డుపడ్డాయి. దక్షిణాన ఇసుక మేట వేసింది, ఉత్తరాన పట్టణం ముందున్న బీచ్ కొట్టుకుపోయింది. ఇసుక ఉండాల్సిన చోట బండరాళ్లు పేర్చాల్సి వచ్చింది. చాలా ఏళ్ల తర్వాత సముద్ర సాంకేతిక సంస్థ నీటి అడుగున ఉక్కు దిబ్బను దించి అలల జోరు తగ్గించాకే ఇసుక కొంత తిరిగొచ్చింది.

తేలే టర్బైన్లకు రేవులు విస్తరిస్తే ఇదే ప్రశ్న మళ్లీ ఎదురవుతుంది. లోతు కోసం తవ్వే ఇసుకను ఎక్కడ వేస్తారు? కొత్త గోడ ఏ ఊరి ఇసుకను ఆపుతుంది? లంగరు గొలుసులు పరుచుకున్న చోట వలలు లాగలేని మత్స్యకారులకు ఏ దారి చూపుతారు? వీటి లెక్క టెండరుకు ముందే తేలాలి. గాలి వేగాన్ని కొలిచినంత శ్రద్ధగా ఇసుక కదలికను, వేట జరిగే చోట్లను కూడా నమోదు చేస్తే, పుదుచ్చేరి అనుభవం మిగతా తీరానికి హెచ్చరికగానే కాక దారిదీపంగానూ ఉపయోగపడుతుంది.