దారి చెప్పే రాళ్లు



జెడ్డా నుంచి మక్కా వైపు కారులో వెళ్తుంటే దారి పొడవునా బోర్డులు కనిపిస్తాయి కదా! ఇంకెంత దూరమో అవే చెబుతాయి. మరి బోర్డులు, ఫోన్లు లేని కాలంలో ఎడారిలో దారి ఎవరు చెప్పేవారు? రాళ్లు చెప్పేవి!

ఇరాక్‌లోని కూఫా నుంచి మక్కాకు 1,400 కిలోమీటర్ల పైచిలుకు యాత్రామార్గం ఉండేది. క్రీ.శ. 751–52లో ఖలీఫా సఫ్ఫా ఆ దారి వెంట దూరం తెలిపే రాళ్లు, రాత్రిపూట మంట వెలిగించే గురుతులు పెట్టించాడు. తర్వాత ఖలీఫా హారూన్ రషీద్ భార్య జుబైదా రాణి బావులు, బిర్కాలు కట్టించింది. బిర్కా అంటే మన కోనేరులాంటిది. అందుకే ఆ మార్గానికి ‘దర్బ్ జుబైదా’, అంటే జుబైదా దారి అని పేరు వచ్చింది.

గాలి వీస్తే ఇసుక కాలిబాటను కప్పేస్తుంది. దారి తప్పితే ముందున్న బావి దొరకదు. నీళ్లు లేకపోతే ప్రాణం దక్కదు. రాయి కనబడిందంటే బాటసారికి ధైర్యం వచ్చేది.

ఇంగ్లండులోని డార్ట్‌మూర్ బీడుకొండల మీద కూడా పొగమంచులో దారి తప్పకుండా మధ్యయుగాల్లో రాతి శిలువలు నిలిపారు. అక్కడ మంచు, ఇక్కడ ఇసుక. అవసరం మాత్రం ఒకటే.

ఇప్పుడు మన మాట సంగతి చూద్దాం. లాటిన్‌లో ‘మిల్లె’ అంటే వెయ్యి. రోమన్లు వెయ్యి అంగల దూరాన్ని ఆ మాటతో లెక్కపెట్టేవారు. అదే అరబ్బీలో ‘మీల్’, ఇంగ్లీషులో ‘మైల్’ అయింది. ఇంగ్లీషు నుంచి వచ్చి మన ‘రాయి’తో కలిసి ‘మైలురాయి’ అయింది. అరబ్బీలో దూరాన్నీ, దారి పక్క గురుతునూ కూడా ‘మీల్’ అనేవారు. సఫా, మర్వాల మధ్య పచ్చదీపాలున్న చోటును నేటికీ ‘రెండు పచ్చని మీల్‌లు’ అనే అర్థంతోనే పిలుస్తారు. మన ఊళ్లలో రాళ్ల మీద కిలోమీటర్లు రాసి ఉన్నా, మనం ఇంకా మైలురాయి అనే అంటాం!

మైలు రాకముందు మనకు క్రోసు, ఆమడ ఉండేవి. నాలుగు క్రోసులు ఒక ఆమడ. తాతయ్య ఫోనులో “ఆమడ దూరం నడిచి బడికెళ్లేవాణ్ణి” అంటే, ఆయన ఎంత నడిచారో మీకు తెలియాలి కదా! వాడకపోతే మాటలు కూడా ఇసుక కప్పిన రాళ్లలా కనబడకుండా పోతాయి.

అభ్యాసం

1. మైలురాయి, పొలిమేర, బాటసారి, కోనేరు – వీటితో సొంత వాక్యాలు రాయండి.
2. మీ అమ్మానాన్నల ఊరి పొలిమేరలో ఏ గురుతు ఉందో అడిగి, ఐదు వాక్యాలు రాయండి.
3. ఎడారిలో దారి తప్పితే కలిగే ప్రమాదం ఏమిటి?