స్ప్రే రంగులు – మన ఊపిరితిత్తులు

తమ్ముళ్ళారా,

మన హాస్టల్ వార్షికోత్సవ సంచికకు ఏదైనా రాయమంటే మొదట పోటీ పరీక్షల గురించి రాద్దామనుకున్నాను. కానీ మొన్న మిమ్మల్ని కలిసినప్పుడు, సెలవుల్లో ఏం చేస్తారని అడిగితే నలుగురు కార్ల పెయింటింగ్ షెడ్డుకు వెళ్తామన్నారు, ఇద్దరు ఫర్నిచర్ పాలిష్‌కు వెళ్తామన్నారు. అందుకే ఈ పాఠం. పదో తరగతి పరీక్షలు రాసిన వేసవిలో నేనూ ఆ పనికే వెళ్ళాను.

మాకు పని దొరికింది బంజారా హిల్స్‌లో కొత్తగా కడుతున్న ఒక బంగళాలో. అమీర్‌పేట నుంచి పంజాగుట్ట మీదుగా నడిచి వెళ్ళేవాళ్ళం. టేకు తలుపులకు, అల్మారాలకు పి.యు. పాలిష్ కొట్టాలి. దుమ్ము పడితే పాలిష్ మీద చుక్కలు లేస్తాయని ఉస్తాద్ కిటికీలన్నీ మూయించి, తలుపు సందుల్లో తడిగుడ్డలు పెట్టించేవాడు. ఉప్పుకాగితంతో రుద్దడం, డబ్బాలు కలిపి ఇవ్వడం, సాయంత్రం గన్ను కడగడం నా పని. వారం తిరగకుండానే రాత్రిళ్ళు దగ్గు మొదలైంది. చెబితే, "ఏం గాదు తమ్మీ, కొత్తల అందరికీ గట్లనే ఉంటది. దస్తీ కట్టుకో" అన్నాడు. ఆయన చెడ్డవాడు కాదు. తన ముక్కుకూ దస్తీయే కట్టుకునేవాడు.

ఆ దస్తీ దేన్ని ఆపుతుంది, దేన్ని ఆపదు? ఇది తెలియాలంటే డబ్బాల్లో ఏముందో చూడాలి. కార్లకు కొట్టే క్లియర్ కోటు, కలపకు కొట్టే పి.యు. పాలిష్ మామూలుగా రెండు డబ్బాల్లో వస్తాయి. ఒకటి రంగు లేదా రెజిన్, రెండోది హార్డెనర్. హార్డెనర్‌లో ఐసోసయనేట్లు అనే రసాయనాలుంటాయి. అవి రెజిన్‌తో కలిసి గట్టిపడి పాలీయూరిథేన్ అవుతాయి. పి.యు. అంటే అదే. ఐసోసయనేట్ అన్న మాట మీకు కొత్త కాదు. 1984 డిసెంబరు 2 రాత్రి భోపాల్‌లో జనం ప్రాణాలు తీసింది మిథైల్ ఐసోసయనేట్. అలాగని హార్డెనర్ డబ్బా చూసి భయపడి పారిపోనక్కరలేదు. భోపాల్ వాయువు ఇట్టే ఆవిరయ్యే రకం. హార్డెనర్లలోవి అదే కుటుంబానికి చెందినా అంత తొందరగా ఆవిరి కావు. పూర్తిగా ఆరి గట్టిపడిన పాలిష్‌తో చిక్కులేదు. చిక్కంతా గన్ను పట్టినప్పుడే.

కంప్రెసర్ గాలి రంగును సన్నటి తుంపరగా చీల్చుతుంది. పాత రకం గన్నుతో కొడితే అందులో సగానికి పైగా వస్తువుకు అంటుకోక గాలిలోనే తేలుతుంది. జీవశాస్త్రంలో శ్వాసవ్యవస్థ బొమ్మ గీశారు కదా, ఒకసారి గుర్తు తెచ్చుకోండి. పెద్ద బిందువులను ముక్కు, గొంతు పట్టేస్తాయి. మిల్లీమీటరులో వందో వంతు కంటే చిన్నవి శ్వాసనాళికల్లోకి దిగుతాయి, ఇంకా చిన్నవి వాయుగోణుల దాకా పోతాయి. దస్తీ నేతలో రంధ్రాలు వాటికి రాజమార్గాలే. ఇక ఆవిరి సంగతి చెప్పనే అక్కరలేదు.

ఒకే పదార్థాన్ని పూయడానికీ పిచికారీ చేయడానికీ ఎంత తేడా ఉందో 1992లో స్పెయిన్‌లో తెలిసింది. అక్కడ అల్కోయ్ ప్రాంతంలో బట్టల మీద రంగులు పిచికారీ చేసే ఆర్డిస్టిల్ అనే కర్మాగారంలో కార్మికుల ఊపిరితిత్తులు వరుసగా దెబ్బతిన్నాయి. ఆ దుర్ఘటనలో ఆరుగురు చనిపోయారు. చాలామంది చిన్న వయసు ఆడపిల్లలు. అది ఐసోసయనేట్ కాదు, వేరే రంగు పదార్థం. పాత పొడి రకం బదులు ద్రవరూపంలోది తెచ్చి, గన్నులతో కొట్టించారు. గాలి వచ్చిపోయే ఏర్పాటు సరిగా లేదు.

ఐసోసయనేట్ చేసే హాని ఇంకో తీరుగా ఉంటుంది. కొందరి శరీరం దాన్ని శత్రువుగా గుర్తుపెట్టుకుంటుంది. ఇది కొన్ని వారాల్లో జరగవచ్చు, కొన్నేళ్ళకూ జరగవచ్చు. ఎవరికి వస్తుందో ముందుగా చెప్పలేం. ఒకసారి గుర్తుపెట్టుకున్నాక మాత్రం అతి కొద్ది మోతాదుకే ఛాతీ బిగుసుకుపోతుంది, పిల్లికూతలు వస్తాయి. దీన్నే వృత్తిపరమైన ఆస్తమా అంటారు. రంగు కొట్టేటప్పుడు బాగానే ఉండి, ఇంటికి వెళ్ళాక రాత్రి దగ్గు రావడం దీని గుణం. అందువల్ల పనికీ దగ్గుకూ సంబంధం ఉందని మనకు తట్టదు. "చలిగాలి తగిలింది" అనుకుంటాం.

నా సంగతి జూన్‌లో కాలేజీ తెరవగానే ముగిసింది. దగ్గు పోయింది. ఉస్తాద్‌కు కాలేజీ లేదు కదా. చాలా ఏళ్ళ తరువాత కలిసినప్పుడు రెండు మెట్లెక్కి ఆగుతున్నాడు. గల్లీ డాక్టరు దగ్గర రెండేళ్ళుగా దగ్గు మందు తాగుతున్నాడట. ఎర్రగడ్డ ఛాతీ ఆసుపత్రికి తీసుకెళ్ళాను. అక్కడి డాక్టరమ్మ గుండెమీద గొట్టం పెట్టకముందే అడిగిన ప్రశ్న, "ఏం పని చేస్తవ్? ఆదివారం ఎట్లుంటది?" ఆయన కాసేపు ఆలోచించి, "ఆదివారం మంచిగుంటది మేడం. ఊరికి పోతే అస్సలే ఉండది" అన్నాడు. అంతవరకు ఆయన్ను ఎవరూ అలా అడగలేదు. తరువాత పీక్ ఫ్లో మీటరు ఇచ్చారు. గట్టిగా ఊదితే ముల్లు ఎక్కడిదాకా పోయిందో చూపే చిన్న గొట్టం అది. రోజుకు నాలుగు సార్లు, పనిరోజుల్లోనూ సెలవుల్లోనూ ఊది, అంకెలు కాగితం మీద రాసుకోవాలి. పనిరోజుల్లో గీత కిందికి జారి, సెలవుల్లో పైకి లేచింది.

చట్టం దీన్ని ఎరగకపోలేదు. 1948 ఫ్యాక్టరీల చట్టం మూడో షెడ్యూలులోని వ్యాధుల్లో ఐసోసయనేట్ విషప్రభావం కూడా ఉండేది. కానీ కరెంటుతో నడిచే చోట ఆ చట్టం వర్తించాలంటే మామూలుగా పదిమంది కార్మికులుండాల్సి వచ్చేది. 2020 నాటి కొత్త కోడ్‌లో ఆ సంఖ్య 20 అయింది. మన షెడ్డుల్లో ఉండేది నలుగురు. ఇక లెక్కలోకి వచ్చేదెక్కడ?

కాబట్టి వెళ్ళేవాళ్ళు ఇవి చూసుకోండి. హార్డెనర్ డబ్బా మీద ఐసోసయనేట్ అన్న మాట ఉందేమో చదవండి, ఫోనులో ఫోటో తీసి పెట్టుకోండి. రేపు డాక్టరుకు చూపించడానికి పనికొస్తుంది. గన్ను ఆపాక కూడా కంటికి కనబడని తుంపర చాలాసేపు గాలిలో ఉంటుంది, వెంటనే ముసుగు తీయకండి. సరైన రక్షణ బయటి శుభ్రమైన గాలిని గొట్టంతో అందించే ముసుగు. అది మన షెడ్డుల్లో అరుదు. బొగ్గు గుళికల ముసుగు దస్తీ కంటే ఎన్నో రెట్లు మేలు, కానీ గుళికలు ఎప్పుడు అరిగిపోయాయో వాసనను బట్టి తెలియదు. తలుపులు మూసిన గదిలో హెల్పరుగా నిలబడమంటే బయటికి వచ్చేయండి. కొడితే కొడతారు గానీ, ఆ రోజు కూలి పోతుంది, అంతే. రాత్రి దగ్గు మొదలై సెలవు రోజు తగ్గుతుంటే ఆ మాటే డాక్టరుకు ముందు చెప్పండి.

ఉస్తాద్ ఇప్పుడు గన్ను పట్టడు. గుడ్డతో చేతి పాలిష్ చేస్తాడు, కూలి సగమైంది. పక్క గదిలో ఎవరైనా హార్డెనర్ కలిపి గన్ను ఆన్ చేస్తే మాత్రం, చేతిలో పని అక్కడే వదిలి మెట్లు దిగి రోడ్డు మీదికి వచ్చి కూర్చుంటాడు.